ఐటీఐ బోధకులకు బహిరంగ లేఖ: జాన్ బ్యారీకి ఒక పీరియడ్, ఆయన అమ్మిన డబ్బాకు ఒక పీరియడ్

గౌరవనీయులైన బోధకులకు,

నమస్కారం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీఐలలో (ఏటీసీలుగా, అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారినవాటితో సహా) ఫిట్టర్, మోటార్ మెకానిక్, ఎలక్ట్రీషియన్ ట్రేడులు చెప్పేవారికీ, ఎంప్లాయబిలిటీ స్కిల్స్ పాఠం తీసుకునేవారికీ ఈ లేఖ. రాస్తున్నది వర్క్‌షాపులు, హార్డ్‌వేర్ కొట్లు నడుపుతూ మీ దగ్గర చదివిన పిల్లల్ని పనిలోకి తీసుకునే మేము.

అడిగేది ఒక్కటే. తుప్పు పట్టిన నట్ల మీద కొట్టే డబ్ల్యూడీ-40 స్ప్రే డబ్బాకు ఏడాదిలో రెండు పీరియడ్లు ఇవ్వండి. ఒకటి, దాన్ని ఇంటింటికీ చేర్చిన జాన్ ఎస్. బ్యారీ గురించి. రెండోది, ఆ డబ్బా ఏ పనికి పుట్టిందో, ఏ పనికి పనికిరాదో చేతుల్తో చేసి చూపించడానికి. రెండిటినీ విడదీయకండి. నీలం, పసుపు రంగుల డబ్బా కనిపిస్తే చాలు, ఏ రోగానికైనా అదే మందు అని మన కుర్రాళ్లు నమ్ముతున్నారంటే అది ఆయన వ్యాపార ప్రతిభకు దక్కాల్సిన గౌరవం. అదే నమ్మకం ఫ్యాను బేరింగునూ, బ్రేకు డిస్కునూ పాడుచేస్తోంది. అది మీరు సరిదిద్దాల్సిన లోపం.

ముందు మనిషి గురించి. ఈ ద్రవాన్ని బ్యారీయే కనిపెట్టాడనుకుంటే పొరపాటు. ఆయన కెమిస్టు కాదు, కంపెనీ స్థాపకుడూ కాదు. 1953లో కాలిఫోర్నియాలోని శాన్ డియేగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అనే చిన్న సంస్థ మొదలైంది. పనివాళ్లు ముగ్గురు. రాకెట్లు, విమానాలు చేసే పరిశ్రమకు తుప్పు పట్టనివ్వని ద్రావకాలు, జిడ్డు తీసే ద్రావకాలు తయారుచేయడం వాళ్ల ఉద్దేశం. లోహం మీద నుంచి నీటిని తోసేసే మిశ్రమం కోసం కుస్తీ పట్టగా నలభయ్యో ప్రయత్నం ఫలించింది. ప్రయోగాల పుస్తకంలో రాసుకున్న గుర్తే పేరుగా నిలిచిపోయింది: వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్ (డబ్ల్యూడీ), అంటే నీటిని తొలగించేది, నంబరు 40. విమానాలు, క్షిపణులు చేసే కన్వెయిర్ సంస్థ తమ అట్లాస్ క్షిపణి పైపొరకు తుప్పు పట్టకుండా దాన్ని వాడింది. అట్లాస్ ఒళ్లంతా బాగా పల్చని స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. లోపల గాలి ఒత్తిడి ఉంటేనే ఆకారం నిలుస్తుంది. అంత పల్చని రేకు మీద తుప్పు చుక్క పడితే ఏమవుతుందో ఫిట్టర్ పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు.

కన్వెయిర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు కొంచెం కొంచెం ఇంటికి పట్టుకెళ్లి వాడుకోవడం మొదలుపెట్టారు. అది చూసి రాకెట్ కెమికల్ కంపెనీ 1958లో స్ప్రే డబ్బాల్లో నింపి శాన్ డియేగో దుకాణాల్లో పెట్టింది. 1960 నాటికి ఏడుగురయ్యారు. కారు డిక్కీలో పెట్టుకుని హార్డ్‌వేర్ షాపులకూ, ఆటసామాన్ల షాపులకూ తిరుగుతూ రోజుకు సగటున 45 పెట్టెలు అమ్మేవాళ్లు. 1961లో టెక్సస్ తీరాన్ని కార్లా తుపాను కొట్టినప్పుడు మొదటిసారి నిండు లారీ ఆర్డరు వచ్చింది. నీళ్లలో మునిగిన వాహనాలనూ యంత్రాలనూ బాగుచేసుకోవడానికి. మన కోస్తా జిల్లాల బోధకులు ఈ తుపాను సంగతి గుర్తుపెట్టుకోండి, కింద దాంతో పని పడుతుంది.

బ్యారీ వచ్చింది 1969లో. అప్పటిదాకా కంపెనీని నడిపిన సై ఇర్వింగ్ ఆయనకు మామగారు. అల్లుడికి అప్పజెప్పారన్నమాట! అయితే అల్లుడు 1924లో మినియాపొలిస్‌లో పుట్టి, కొలంబియాలో ఎంబీయే చేసి, 3ఎం లాంటి పెద్ద కంపెనీలో పని నేర్చుకుని వచ్చినవాడు. కుర్చీలో కూర్చుంటూనే మార్చింది కంపెనీ పేరు. మనం రాకెట్లు చేయడం లేదుగా, మరి ఆ పేరెందుకు అన్నాడు. ఉన్నది ఒకే ఒక్క సరుకు, దాని పేరే కంపెనీకి పెట్టేశాడు. ఏదైనా చిన్న సంస్థ మొదలుపెట్టి, బోర్డు మీద ఎంటర్‌ప్రైజెస్ అని రాసి, సరుకు మీద ఇంకో పేరు, బిల్లు మీద మరో పేరు వేసే మన అలవాటుతో ఇది పోల్చి చూపించండి.

తర్వాత ఆయన దృష్టంతా పంపిణీ మీదే. డబ్బా చూడముచ్చటగా మార్చాడు, ప్రకటనల ఖర్చు పెంచాడు. అన్నిటికన్నా ఎక్కువగా, సరుకు పెట్టే షాపుల సంఖ్య పెంచాడు. ఆయన చేరేనాటికి 1,200 మంది హోల్‌సేలర్లు. పదేళ్లు దాటి కొంచెం అయ్యేసరికి 14,000. ఉచిత శాంపిళ్లు విరివిగా ఇచ్చాడు. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికులకు తుపాకులు తడవకుండా చూసుకోవడానికి నెలకు 10,000 డబ్బాలు పంపించాడు. ఆ యుద్ధం మంచిచెడ్డలు వేరే చర్చ. వ్యాపారం వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క తేలికే: చేతిలో డబ్బా పట్టుకున్న ఆ కుర్రాడు ఇంటికి తిరిగొచ్చాక హార్డ్‌వేర్ షాపులో పేరు పెట్టి అడుగుతాడు.

పిల్లల చేత ఒక చిన్న లెక్క చేయించండి. 1970లో అమ్మకాలు 20 లక్షల డాలర్లు, 1990లో 9 కోట్ల 10 లక్షలు. ఇరవై ఏళ్లలో నలభై అయిదు రెట్లు. ఏడాదికి సగటు చక్రవృద్ధి 21 శాతం దాకా వస్తుంది. మధ్యలో 1973లో కంపెనీ షేర్లు నాస్డాక్ అనే అమెరికా షేరు మార్కెట్టులోకి వెళ్లాయి. ఇదంతా ఒకే సరుకు మీద. ముఖ్య కార్యనిర్వహణాధికారిగా 1990లో తప్పుకున్నాడు, 2000 దాకా ఛైర్మన్‌గా ఉన్నాడు, 2009 జూలై 3న శాన్ డియేగోలోని లా హోయాలో 84వ ఏట చనిపోయాడు.

ఎంప్లాయబిలిటీ స్కిల్స్ పాఠంలో వ్యాపారం మొదలుపెట్టడం అనే భాగం ఎలాగూ ఉంది. అందులో ఆయన తీసుకున్న మూడు నిర్ణయాలు చర్చకు పెట్టండి.

మొదటిది, సియర్స్ అనే పెద్ద గొలుసు దుకాణాల సంస్థ వచ్చి, ఇదే ద్రవాన్ని మా పేరుతో డబ్బాలో నింపి ఇమ్మంది. ఎగిరి గంతేసే ఆర్డరు. బ్యారీ కుదరదన్నాడు. ఇంకో పెద్ద సంస్థ తగ్గింపు ధర అడిగితే దానికీ తల ఊపలేదు. ఇలాంటి ద్రవం 3ఎం చేయగలదు, డ్యూపాంట్ చేయగలదు, ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. వాళ్ల దగ్గర లేనిది పేరు ఒక్కటే. ఆ పేరు లేకుండా అదే సరుకు పక్క అరలో నాలుగు రూపాయలు తక్కువకు దొరికితే ఇక తన దగ్గర మిగిలేదేమీ ఉండదు. పెద్ద బ్రాండుకు సరుకు నింపి ఇచ్చే పనిలో బతుకుతున్న మన చిన్న యూనిట్లకు ఈ నిర్ణయం వెంటనే మింగుడుపడదు. నెల జీతాలు ఇవ్వాల్సినవాడు వచ్చిన ఆర్డరు వదులుకోలేడు. ఆ ఇబ్బంది కూడా తరగతిలో చెప్పండి. బ్యారీ కాదనగలిగాడంటే అప్పటికే 'ఆ డబ్బా ఇవ్వండి' అని అడిగే జనం ఉన్నారు.

రెండోది, పేటెంటు తీసుకోలేదు. పేటెంటు కావాలంటే అందులో ఏం కలిపారో బయటపెట్టాలి, గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు. రహస్యంగా ఉంచితే, బయటికి పొక్కనంత కాలం మనదే. మన దేశం లెక్కలోకి తెచ్చి చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుంది. ఇక్కడ పేటెంటు గడువు 20 ఏళ్లు. పైగా 1970 నాటి పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఇ) ప్రకారం, కలిపిన పదార్థాల గుణాలు ఒకచోట చేరడం తప్ప కొత్త ఫలితమేదీ రాని ఉత్త మిశ్రమానికి పేటెంటు ఇవ్వరు. ట్రేడ్‌మార్కు అలా కాదు, పదేళ్లకోసారి రుసుము కట్టి ఎన్నాళ్లయినా పొడిగించుకోవచ్చు. ఇంట్లో ఫినాయిలో, చెయిన్ లూబో కలిపి అమ్మాలనుకునే కుర్రాడు ముందు పేరు రిజిస్టరు చేయించుకోవాలి. పనివాళ్లతో, సరుకు నింపేవాళ్లతో రహస్యం బయటపెట్టకూడదన్న ఒప్పందం కాగితం మీద రాయించుకోవాలి.

మూడోది, ఫ్యాక్టరీల మీద డబ్బు పోయలేదు. అసలు గుట్టు ఉన్న మూల ద్రవాన్ని తాము కలిపి, డబ్బాల్లో నింపడం, గ్యాసు ఎక్కించడం బయటి ఫిల్లింగ్ సంస్థలకు వదిలేశారు. చూసేవాళ్లకు తయారీ కంపెనీలా ఉన్నా మాది మార్కెటింగ్ కంపెనీయే అన్నది ఆయన ధోరణి. గ్యాసు ఎక్కించే యంత్రాలు, ప్రెషరు పాత్రల లైసెన్సులు, అగ్నిమాపక నిబంధనలు, ఇవన్నీ ఎంత పెట్టుబడి మింగుతాయో తెలిసినవాళ్లకు ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక రెండో పీరియడ్.

ఆ డబ్బాకు 2,000 ఉపయోగాలున్నాయని కంపెనీ చెప్పుకుంటుంది. ఆసియాలో ఎక్కడో బస్సు అడుగున చుట్టుకున్న కొండచిలువను వదిలించడానికి కూడా వాడారని ప్రచారం చేసుకున్నారు. సరదాగా ఉంటుంది, అమ్మకాలకు పనికొస్తుంది. అసలు పని మాత్రం పేరులోనే ఉంది: నీటిని తోసేయడం. ఇంజను ఆయిలు చేసే పని వేరు, గ్రీజు చేసే పని వేరు. మాటల మీద ఎందుకు, కంపెనీ నడకే చూడండి. 1995లో వాళ్లే త్రీ-ఇన్-వన్ అనే చుక్కల నూనె బ్రాండును కొనుక్కున్నారు. 2011లో స్పెషలిస్ట్ పేరుతో తెల్ల లిథియం గ్రీజు, సిలికాన్ స్ప్రే, కాంటాక్ట్ క్లీనర్ విడివిడిగా తెచ్చారు. ఒక్క డబ్బాతో అన్నీ అయ్యేపనైతే వీటి అవసరమే ఉండేది కాదు.

ఫార్ములా రహస్యమైనా సేఫ్టీ డేటా షీటు (సరుకులోని పదార్థాలు, జాగ్రత్తలు చెప్పే కాగితం) రహస్యం కాదు. దాని ప్రకారం సుమారు సగం ఆవిరయ్యే పెట్రోలియం ద్రావకం, మూడో వంతు లోపు పల్చని బేస్ ఆయిలు, బయటికి తోసే గ్యాసుగా 2 నుంచి 3 శాతం కార్బన్ డయాక్సైడ్. సిలికాన్ లేదు, గ్రాఫైట్ లేదు. ద్రావకానికి తలతన్యత తక్కువ, అందువల్ల నీటి చుక్క కిందికి దూరి లోహాన్ని అంటుకుని నీటిని పైకి లేపుతుంది. సన్నని సందుల్లోకి కేశనాళికల్లో పాకినట్టు పాకుతుంది. తర్వాత ద్రావకం ఆవిరై పోతుంది, పల్చని నూనె పొర మిగులుతుంది. ఆ పొర బరువు మోయలేదు, ఎక్కువ రోజులు నిలవదు. డబ్బా గుణాలూ, దోషాలూ అన్నీ ఈ వాక్యాల్లోంచే పుడతాయి. పిల్లలకు ఇది అర్థమైతే మిగతాది వాళ్లే చెప్పగలరు.

తుప్పు పట్టిన నట్టు ఊడదీయడం దీనికి తగిన పని. మీ వర్క్‌షాపులో ఎం10 బోల్టు ఒకటి తీసుకుని చూపించండి. బయటికి కనిపించే మరల మీద తుప్పును ముందు వైర్ బ్రష్‌తో గీకాలి. ఇది మానేస్తే ద్రవం తుప్పు పొడిలోనే ఇంకిపోతుంది. తర్వాత నట్టుకు రెండువైపులా రెండేసి సెకన్లు కొట్టాలి. డబ్బా ఖాళీ చేసినంత మాత్రాన నట్టు కదలదు. బాల్‌పీన్ సుత్తితో నట్టు పలకల మీద తిప్పి తిప్పి చిన్నగా తట్టాలి. ఆ అదురుకు తుప్పు పొర పగిలి ద్రవానికి దారి దొరుకుతుంది. 15, 20 నిమిషాలు ఆగాలి. మొండి తుప్పయితే మళ్లీ కొట్టి రాత్రంతా వదిలేయాలి. పిల్లలు తప్పేది ఇక్కడే, కొట్టిన మరు నిమిషమే పానా పట్టుకుంటారు.

పానా విషయానికొస్తే, ఓపెన్ ఎండ్ పానాతో మొదలుపెట్టనివ్వకండి. ఆరు మూలల సాకెట్టో, రింగు పానాయో వాడాలి. లేకపోతే నట్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. ముందు వదులు చేయకుండా, ఒక్క వెంట్రుక వాసి బిగించే వైపు తిప్పాలి. తుప్పు బంధం అక్కడ తెగుతుంది. తర్వాత వదులు చేసే వైపు అర చుట్టు, మళ్లీ పావు చుట్టు వెనక్కి, మధ్యలో ఇంకొంచెం స్ప్రే. బోల్టు మెత్తగా, రబ్బరులా సాగుతున్నట్టు చేతికి తెలిస్తే వెంటనే ఆపాలి, అది విరిగిపోయే ముందు ఇచ్చే సంకేతం. గ్యాసు టార్చితో వేడి చేయాలనుకుంటే స్ప్రే కొట్టకముందే చేయాలి, నట్టు చల్లారాకే స్ప్రే కొట్టాలి. కొట్టిన తర్వాత మంట చూపితే ద్రావకం అంటుకుంటుంది. ఈ ద్రవం ఫ్లాష్ పాయింటు, అంటే ఆవిరి నిప్పుకు అంటుకోవడం మొదలయ్యే వేడి, 60 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది, ఎర్రగా కాలిన నట్టు దానికి వందల డిగ్రీలు పైన. ఇవేవీ లొంగకపోతే నట్టు స్ప్లిట్టర్, లేదంటే హ్యాక్సా. చక్రాల నట్లకు తిరిగి బిగించేటప్పుడు మాన్యువల్ చెప్పకపోతే నూనె పూయకూడదు. జిడ్డు మర మీద అదే టార్కు పెడితే బోల్టు మీద లాగుడు పెరిగిపోతుంది.

ఇక పాడయ్యే చోట్లు. మా కొట్లకూ షెడ్లకూ ఎక్కువగా వచ్చేది సీలింగ్ ఫ్యాను. చప్పుడొస్తోందని పైనుంచి షాఫ్టు పక్కన స్ప్రే కొడతారు. రెండు రోజులు నిశ్శబ్దంగా తిరుగుతుంది, కొట్టినవాడు గొప్పవాడవుతాడు. లోపల జరిగింది వేరు. చాలా ఫ్యాన్లలో 6201, 6202 సైజు బాల్ బేరింగులుంటాయి. ద్రావకం రేకు మూత సందులోంచి దూరి గ్రీజును కరిగించి బయటికి తెస్తుంది. తర్వాత ద్రావకం ఆవిరవుతుంది, బాల్స్ పొడిగా రాసుకుంటాయి. నెల తిరిగేసరికి ముందుకన్నా పెద్ద చప్పుడు. దానికి మందు లేదు, ఫ్యాను దించి, పుల్లరుతో పాత బేరింగులు లాగేసి, అదే నంబరు కొత్తవి వేయాలి. కొత్త బేరింగును ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే నొక్కాలి, బయటి రింగు మీద కొడితే బాల్స్ దారిలో గుంటలు పడతాయి. కారిన నూనె వైండింగు మీద పడి దుమ్ము పట్టడం అదనపు నష్టం.

సైకిలు, మోటారు సైకిలు చెయినుది కూడా ఇదే కథ. స్ప్రే కొడితే మిలమిల మెరుస్తుంది, రోలర్ల లోపలి నూనె కడుక్కుపోతుంది. పాత మురికిని వదిలించడానికి వాడి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత అసలు నూనె వేస్తే అభ్యంతరం లేదు. సైకిలుకు ఒక్కో రోలరుకు ఒక్కో చుక్క, పది నిమిషాలాగి పైజిడ్డు తుడిచేయాలి. బయట మిగిలిన జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది. ఓ-రింగు చెయిను (లింకుల మధ్య చిన్న రబ్బరు రింగులున్నది) ఉన్న బళ్లకు చాలా కంపెనీల మాన్యువళ్లు ఎస్ఏఈ 90 గేరు ఆయిలే చెబుతాయి. 500 కిలోమీటర్లకోసారి, వానాకాలంలో ఇంకా ముందే.

తాళాల్లో కొట్టవద్దు. మిగిలిన నూనె పొర దుమ్ముతో కలిసి పిన్నుల మధ్య బంకలా తయారవుతుంది. మన ఎండాకాలపు దుమ్ములో ఇది మరీ తొందరగా అవుతుంది. తాళానికి గ్రాఫైట్ పొడి. షట్టరు గాడులకూ అంతే, నూనె తగలకూడదు, తుడిచి పొడి సిలికాన్ కొట్టాలి. తలుపు మడత బందులు కిర్రుమంటే ఒక్క పుల్లంత స్ప్రేతో చప్పుడు ఆగుతుంది గానీ నెలకోసారి కొట్టాల్సి వస్తుంది. చీల బయటికి లాగి, దీంతోనే మురికి తుడిచి, వేలికొసకు అంటినంత గ్రీజు రాసి తిరిగి పెడితే ఏళ్లు గడుస్తాయి. కుట్టుమిషనుకు మిషను నూనె తప్ప మరొకటి వద్దు.

రెండు విషయాల్లో మాత్రం పిల్లల్ని గట్టిగా హెచ్చరించండి. బ్రేకు డిస్కు మీద, డ్రమ్ములో ఇది ఒక్క చుక్క కూడా పడకూడదు. చప్పుడు పోవాలని కొట్టినవాడి బండి ఆగదు. పడితే డిస్కును బ్రేకు క్లీనరుతో కడగాలి, తడిసిన ప్యాడ్లు, షూలు మార్చాలి, ఎండబెట్టి మళ్లీ వేయడం పనికిరాదు. రెండోది హెల్మెట్ అద్దం. అది పాలీకార్బనేట్. పాలీకార్బనేట్ మీద, పారదర్శక పాలీస్టైరిన్ మీద వాడవద్దని కంపెనీయే చెబుతుంది. ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌లో సన్నని పగుళ్లు రావచ్చు. పసుపు పట్టిన హెడ్‌లైటు మీద కొట్టి తళతళలాడించే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. ఆ మెరుపు నాలుగు రోజుల నూనె పొర. హెడ్‌లైటు పైమూత కూడా చాలావరకు పాలీకార్బనేటే. మోకాళ్ల నొప్పులకు పూసుకునేవాళ్లున్నారు, దానికి ఏ ఆధారమూ లేదు, కంపెనీ కూడా వద్దంటుంది.

ఎలక్ట్రీషియన్ తరగతికి: మెయిన్ ఆపకుండా స్విచ్‌బోర్డు దగ్గర ఏ స్ప్రే కూడా పట్టనివ్వకండి. నిప్పురవ్వకు ద్రావకపు ఆవిరి అంటుకుంటుంది. తడిసిన కనెక్టరు నుంచి నీటిని తోలడానికి ఇది మంచిదే, ఆరాక కరెంటు ఇవ్వాలి. రిలే కాంటాక్టులు, వాల్యూం కంట్రోళ్ల లాంటివాటిలో నూనె పొర మిగలడమే సమస్య, వాటికి కాంటాక్ట్ క్లీనరు వాడాలి.

ఇప్పుడు తుపాను సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీరు తీశాక చాలామంది మొదట చేసింది కిక్కు కొట్టడం. అదే అన్నిటికన్నా పెద్ద తప్పు, సిలిండర్లో నీరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగే ప్రమాదం ఉంది. మీ మోటార్ మెకానిక్ పిల్లలకు ఈ వరస కంఠతా రావాలి. ముందు బ్యాటరీ తీగలు తీసేయాలి, నెగెటివు ముందు. స్పార్కు ప్లగ్గు ఊడదీసి, ఆ తర్వాతే కిక్కుతో మెల్లగా తిప్పి నీటిని బయటికి పోనివ్వాలి. ఇంజను ఆయిలు పాలు కలిసిన టీ రంగులో ఉంటే వంచేసి, కొత్తది పోసి, కొన్ని నిమిషాలు నడిపి, అదీ వంచేసి మళ్లీ పోయాలి. ఎయిర్ ఫిల్టరు మార్చాలి, కార్బ్యురేటరు గిన్నెలోని నీరు వంచాలి. ఇంజెక్షను బళ్ల ఈసీయూ (ఇంజనును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) జోలికి పోకుండా సర్వీసు సెంటరుకు పంపాలి.

స్ప్రే వంతు వచ్చేది వీటి మధ్యలో. కనెక్టర్లను బురద పోయేదాకా, సముద్రపు నీరైతే ఉప్పు పోయేదాకా, ముందు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు మీదే స్ప్రే కొడితే ఉప్పు నూనె పొర కింద ఉండిపోయి రాగిని తింటూనే ఉంటుంది. కడిగాక నీరు ఓడనిచ్చి, ప్రతి కనెక్టరులో ఒక సెకను కొట్టి, విప్పి ఉంచి ఆరనివ్వాలి. తర్వాత బిగించాలి. కార్లా తుపాను అప్పుడు ఆ లారీ సరుకు ఇలాంటి పనికే వెళ్లింది.

తరగతిలో చేయించదగ్గ పరీక్ష ఒకటి. మైల్డ్ స్టీలు పలకలు నాలుగు ఎమెరీ కాగితంతో ఒకేలా రుద్ది, పేలిక మీద థిన్నరు వేసి తుడవాలి. ఒకటి అలాగే వదిలి, మిగతా మూడిటికి స్ప్రే, ఇంజను ఆయిలు, గ్రీజు రాయాలి. 950 మిల్లీలీటర్ల నీటిలో 50 గ్రాముల ఉప్పు కరిగించి, పొద్దున సాయంత్రం చల్లుతూ వారం రోజులు షెడ్డులో నిలబెట్టాలి. ఏ పలక ఎన్నో రోజున తుప్పు చూపిందో పిల్లలే నోటుబుక్కులో రాయాలి. స్ప్రే పలక ఉత్త పలక కన్నా నిలుస్తుంది, గ్రీజు పలకతో పోటీ పడలేదు. దీంతోపాటు ఒక పలక మీద నీటి చుక్క వేసి, పక్కన స్ప్రే చుక్క వేసి, నీరు ఎలా పక్కకు జరుగుతుందో దగ్గరగా చూపించండి. పేరులోని పని కళ్లముందు కనిపిస్తుంది.

కొనేటప్పుడు చిన్న స్ప్రే డబ్బాలు కొని బడ్జెట్టు ఊడ్చేయకండి. ఇదే ద్రవం గ్యాసు లేకుండా 5 లీటర్ల డబ్బాల్లో దొరుకుతుంది, చేతి స్ప్రే సీసాలో పోసుకుంటే వృథా తక్కువ. స్ప్రే డబ్బానే వాడితే, ఏ కోణంలోనైనా పనిచేస్తుందని దాని మీద రాసి ఉంటే తప్ప నిటారుగా పట్టుకోవాలి. తలకిందులుగా నొక్కితే గ్యాసు ముందే పోయి అడుగున ద్రవం మిగిలిపోతుంది. 50 డిగ్రీలు దాటే చోట ఉంచకూడదు. రామగుండం, కర్నూలు మే నెల ఎండలో మూసిన కారు లోపల ఆ వేడి తేలికగా దాటుతుంది, కాబట్టి డ్యాష్‌బోర్డు మీద వదలడం ప్రమాదం. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు, ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఖాళీ డబ్బాకు మేకుతో బొక్క పెట్టనివ్వకండి, మంటలో వేయనివ్వకండి.

కొత్త బ్యాచిలో రెండో నెలలో ఈ రెండు పీరియడ్లూ పెడితే బాగుంటుందని మా సూచన. అప్పటికి పిల్లలకు మరలు, బేరింగులు చేతికి అలవాటవుతాయి. ఉప్పునీటి పరీక్షకు పలకలు, తుప్పు పట్టిన పాత బోల్టులు, ద్రావకం పాడుచేసిన ఫ్యాను బేరింగులు కావాలంటే మీ ఊళ్లో ఏ వర్క్‌షాపునైనా అడగండి. అలాంటి బేరింగులకు మా షెడ్లలో కరువు లేదు.

ఇట్లు,
రెండు రాష్ట్రాల వర్క్‌షాపుల, హార్డ్‌వేర్ కొట్ల నిర్వాహకులు కొందరు